తాళం తిప్పితే "టక్" అంటుంది, సెల్ఫ్ తిరగదు. సాలినాయిడ్ ఇంట్లోనే విప్పి బాగుచేసుకోవచ్చా?

సెకండ్‌హ్యాండ్_సారథి
పెట్రోల్ బండి, మాన్యువల్ గేర్లు, బాగా పాతది. కొంతకాలంగా తాళం తిప్పితే ఇంజిన్ దగ్గర "టక్" అని ఒక్క శబ్దం వచ్చి ఊరుకుంటోంది. వదిలేసి మళ్లీ తిప్పితే మళ్లీ టక్. ఇంకోసారి తిప్పితే ఏమీ జరగనట్టు హాయిగా స్టార్ట్ అయిపోతుంది. పొద్దున పూట ఒక్కోసారి మొదటి దెబ్బకే అందుకుంటుంది. దూరం తిరిగొచ్చి ఆపితే మాత్రం మొండికేస్తుంది. బ్యాటరీ మార్చి ఎంతో కాలం కాలేదు.

ఎలక్ట్రీషియన్‌కి చూపిస్తే బానెట్ ఎత్తి, శబ్దం విని, "సెల్ఫ్ మోటార్ మొత్తం మార్చేయాలి" అని తేల్చేశాడు. మీటర్ పెట్టి చూసింది కూడా లేదు. తిరిగినప్పుడు మోటార్ బ్రహ్మాండంగా తిరుగుతోంది కదా, మరి మొత్తం ఎందుకు మార్చాలి? పోయింది దాని మీదుండే సాలినాయిడ్ (తాళం తిప్పగానే మోటార్‌కి పెద్ద కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్) ఒక్కటే అని నా అనుమానం. పానాల సెట్టు, మల్టీమీటర్, సోల్డరింగ్ ఐరన్ ఉన్నాయి. ఇంట్లో విప్పి బాగుచేసినవాళ్లు ఉంటే దారి చెప్పండి.

నట్టుబోల్టు
బ్యాటరీ టెర్మినల్స్ చూశారా? తెల్లగా పొడి పట్టి ఉంటే ముందు అది గీకండి.

గేర్_గోవిందం
చిన్న సుత్తితో సెల్ఫ్ మీద ఒక్కటి తగిలించండి. మంచి మాటకు లొంగని సెల్ఫ్ దెబ్బకు లొంగుతుంది.

మల్టీమీటర్_మామ
సుత్తి సంగతి తర్వాత మాట్లాడుకుందాం. సారథి గారూ, విప్పడం గురించి కూడా ఇప్పుడే ఆలోచించకండి. ఆ ఎలక్ట్రీషియన్ మీటర్ పెట్టకుండా మోటార్ పోయిందన్నాడు, మీరు మీటర్ పెట్టకుండా సాలినాయిడ్ పోయిందంటున్నారు. ఇద్దరిదీ ఒకటే పద్ధతి.

శబ్దం మూడు రకాలు. అసలు శబ్దమే రాకపోతే చాలావరకు కరెంటు సాలినాయిడ్ దాకా రావట్లేదని. తాళం స్విచ్, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్), ఫ్యూజ్, సన్న వైరు, ఇవన్నీ చూసుకోవాలి. టకటకటక అని గబగబా కొట్టుకుంటే బ్యాటరీ డౌన్, లేదా ఎక్కడో లూజు కనెక్షన్. గట్టిగా ఒక్క టక్ కొట్టి ఆగితే సాలినాయిడ్ లోపల పెద్ద కరెంటును కలిపే రాగి పాయింట్లు కాలిపోయి ఉండొచ్చు, మోటార్ బ్రష్‌లు (తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ ముక్కలు) అరిగి ఉండొచ్చు. ఇంజినే పట్టేసినా ఇదే శబ్దం వస్తుంది, కానీ మీది మధ్యమధ్యలో స్టార్ట్ అవుతోంది కాబట్టి అది కాదు.

ఒక్క ప్రశ్న. రాత్రిపూట హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పండి. టక్ అన్నప్పుడు లైట్లు బాగా మసకబారుతున్నాయా, అలాగే ఉంటున్నాయా?

సెకండ్‌హ్యాండ్_సారథి
చూశాను. కొంచెం తగ్గినట్టు అనిపించింది, అంతే. బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.5 వోల్టులు. టక్ అన్నప్పుడు 12.1. టెర్మినల్స్ శుభ్రంగానే ఉన్నాయి.

మల్టీమీటర్_మామ
అయితే బ్యాటరీని వదిలేయండి. మోటార్ నిజంగా కరెంటు లాగుతుంటే చిన్న పెట్రోల్ బండికే 100 ఆంపియర్ల పైమాట, లైట్లు పడిపోవాల్సిందే. అవి నిలబడ్డాయంటే పెద్ద కరెంటు మోటార్‌లోకి వెళ్లడం లేదు. ఎక్కడ ఆగుతోందో పట్టుకోవాలి.

ఇంకొకరిని తాళం దగ్గర కూర్చోబెట్టండి. బండి న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేక్ వేసి. మీటర్ డీసీ 20 వోల్టుల మీద. సాలినాయిడ్ వెనక రెండు పెద్ద బోల్టులు, ఒక చిన్న పిన్ను ఉంటాయి. బ్యాటరీ నుంచి లావు కేబుల్ వచ్చేది 30. మోటార్‌లోకి వెళ్లేది ఎం. తాళం నుంచి సన్న వైరు వచ్చేది 50.

మీటర్ ఒక వైరు 30 మీద, రెండోది ఎం మీద పెట్టి తాళం తిప్పించండి. టక్ అన్న తర్వాత కూడా 11, 12 వోల్టులు చూపిస్తే పాయింట్లు కలవడం లేదు, దోషి సాలినాయిడే. సున్నాకి దగ్గరగా వచ్చి కూడా మోటార్ తిరగకపోతే సాలినాయిడ్ తన పని చేసేసింది, జబ్బు మోటార్‌లో ఉంది.

అక్కడితో ఆగకండి. బ్యాటరీ ప్లస్ నుంచి 30 బోల్టుకి, బ్యాటరీ మైనస్ నుంచి సెల్ఫ్ ఒంటికి కూడా కొలవండి. మోటార్ తిరుగుతున్నప్పుడు మొదటిది అర వోల్టు దాటకూడదు, రెండోది 0.3 దాటకూడదు. ఓమ్స్‌లో పెట్టి కేబుల్ బాగుందని మాత్రం అనుకోవద్దు. లోపల పోగులన్నీ తెగి నాలుగు మిగిలినా మీటర్ సున్నానే చూపిస్తుంది. 5 మిల్లీఓంల తేడాని చవక మీటర్ పట్టుకోలేదు, కానీ 150 ఆంపియర్లు పారినప్పుడు అక్కడే 0.75 వోల్టు పోతుంది.

స్పానర్12
ఇంత హంగామా ఎందుకు? లావు స్క్రూడ్రైవర్ తీసుకుని 30ని, 50ని కలిపేయండి. స్టార్ట్ అయితే స్విచ్ పోయినట్టు, కాకపోతే సాలినాయిడ్ పోయినట్టు.

నిదానమే_ప్రధానం
స్పానర్12 చెప్పినట్టు చేసేముందు బండి గేర్‌లో లేదని ఒకటికి రెండుసార్లు చూసుకోండి. అలా కలిపితే తాళం స్విచ్, క్లచ్ స్విచ్ అన్నీ పక్కకుపోతాయి. గేర్‌లో ఉన్న బండి ముందుకు దూకుతుంది, మీరు దాని ముందే ఉంటారు. పైగా స్క్రూడ్రైవర్ కాస్త జారి ఇంజిన్‌కి తగిలితే 30 నుంచి నేరుగా షార్ట్. చాలా బండ్లలో ఆ లావు కేబుల్‌కి ఫ్యూజ్ ఉండదు.

స్పానర్12
ఏళ్ల తరబడి చేస్తున్నా, ఏం కాలేదు.

వైండింగ్_వనజ
మీ స్క్రూడ్రైవర్ మొన చూపించండి, ఏం కాలేదో తెలుస్తుంది.

నేను సెల్ఫ్‌లు, ఆల్టర్నేటర్‌లు బాగుచేసే పనిలోనే ఉన్నాను. మామ గారు చెప్పిన 30, ఎం కొలతే ఈ థ్రెడ్‌లో అసలు మాట. స్క్రూడ్రైవర్ పరీక్ష "సాలినాయిడ్ పోయింది" అని చెప్పదు. ఎందుకో చెప్తాను.

సాలినాయిడ్‌లో తీగచుట్టలు రెండు. ఒకటి లాగే చుట్ట, ఒకటి పట్టి ఉంచే చుట్ట. రెండింటికీ కరెంటు 50 నుంచే వస్తుంది. పట్టి ఉంచే చుట్ట రెండో కొస ఒంటికి, అంటే ఎర్త్‌కి కలుస్తుంది. లాగే చుట్ట రెండో కొస ఎం బోల్టుకి వెళ్లి, మోటార్ బ్రష్‌ల గుండా ఎర్త్ అవుతుంది. బరువైన తలుపు తోయడానికి గట్టిగా నెట్టాలి, తెరుచుకున్నాక చెయ్యి ఆనిస్తే చాలు. అందుకే రెండు. ప్లంజర్ (చుట్టల మధ్య జారే ఇనుప కడ్డీ) లోపలికి వచ్చి రాగి బిళ్ల 30ని, ఎంని కలపగానే లాగే చుట్టకు రెండు వైపులా ఒకటే వోల్టేజ్ అవుతుంది, దానిలో కరెంటు ఆగిపోతుంది. పట్టి ఉంచేది ఒక్కటే పనిచేస్తుంది. అదే ప్లంజర్ ఇంకో చివర ఫోర్కును లాగి పినియన్‌ని, అంటే సెల్ఫ్ చివరుండే చిన్న పళ్ల చక్రాన్ని, ఇంజిన్ పెద్ద చక్రం ఫ్లైవీల్ పళ్లలోకి నెడుతుంది.

ఇప్పుడు చూడండి. బ్రష్‌లు పూర్తిగా ఎగిరిపోతే లాగే చుట్టకు ఎర్త్ దొరకదు, టక్ గట్టిగా రాదు, కొన్నిసార్లు అసలే రాదు. స్క్రూడ్రైవర్ పెట్టినా కదలదు. స్పానర్12 గారు అప్పుడు సాలినాయిడ్ మార్చేస్తారు, బండి అలాగే ఉంటుంది. అలా మార్చుకుని మా దగ్గరికి వచ్చినవాళ్లు చాలామంది.

సారథి గారి బండిలో గట్టిగా టక్ వస్తోందంటే లాగే చుట్టకు దారి దొరుకుతోంది. నా ఓటు కాలిన పాయింట్లకే. కానీ కొలిచాకే.

గేర్_గోవిందం
ఇన్నాళ్లూ ఆ టక్ శబ్దం మోటార్ ఆఖరి శ్వాస అనుకున్నాను. 

పాతఇంజిన్
టకటకటక శబ్దం గురించి ఒక చేర్పు. బ్యాటరీ నిండుగా ఉండి కూడా అలా కొట్టుకుంటుంటే పట్టి ఉంచే చుట్ట తెగి ఉండొచ్చు. బిళ్ల కలవగానే లాగే చుట్ట ఆగిపోతుంది, పట్టుకునేది లేదు, ప్లంజర్ వెనక్కి పోతుంది, మళ్లీ లాగుతుంది. అదే నాట్యం. నా పాత వ్యాన్‌కి ఈ జబ్బే వస్తే వరసగా రెండు బ్యాటరీలు మార్పించారు ఒక షెడ్డులో.

వైండింగ్_వనజ
సరిగ్గా చెప్పారు. చుట్ట పోతే మాత్రం ఇంట్లో తంటాలు పడొద్దు, సాలినాయిడ్ కొత్తది వేసేయండి. ఇంట్లో బాగయ్యేది పాయింట్ల జబ్బు ఒక్కటే.

కార్బన్‌బ్రష్
వేడి మీద మొండికేస్తోందని మొదటి పోస్టులో ఉంది. అది ఎవరూ పట్టించుకోలేదు. ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి వేడి పొగ బయటికొచ్చే గొట్టం) పక్కనే సెల్ఫ్ ఉంటే ఇది మామూలే. మధ్యలో రేకు అడ్డం పెడితే సరిపోతుంది.

శాస్త్రం_చెప్తా
రాగి నిరోధం డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర 1 ఓం ఉన్న చుట్ట 80 డిగ్రీల దగ్గర 1.24 ఓంలకు దగ్గరవుతుంది. అంటే అదే వోల్టేజ్‌కి కరెంటు ఐదో వంతు తగ్గుతుంది, లాగే బలమూ తగ్గుతుంది. కాబట్టి వేడి మీద ఇబ్బంది అనేది అపోహ కాదు. అయితే ఆరోగ్యంగా ఉన్న సాలినాయిడ్‌కి ఆ మాత్రం తగ్గినా సరిపోయేంత బలం ఉంటుంది. రేకు పెట్టాక సమస్య పోయిందంటే జబ్బు ఇంకెక్కడో ఉండి, అది బయటపడే గీత కాస్త అవతలికి జరిగిందంతే.

కార్బన్‌బ్రష్
నాకు పోయింది. నాకది చాలు.

నట్టుబోల్టు
ఇలాంటిచోట రిలే ఒకటి పెడితే బాగుంటుంది కదా? పాత బండ్లలో 50కి కరెంటు తాళం స్విచ్ గుండా చుట్టూ తిరిగొస్తుంది, దారిలోనే వోల్టులు కరిగిపోతాయి. తాళం వైరు రిలే 86 పిన్నుకి, రిలే 85 ఎర్త్‌కి, బ్యాటరీ నుంచి ఫ్యూజ్ మీదుగా రిలే 30కి, రిలే 87 నుంచి సాలినాయిడ్ 50కి. గంట పని.

మల్టీమీటర్_మామ
50 దగ్గర కొలిచి, నిజంగానే వోల్టులు తగ్గుతుంటే మంచి పనే. కొలవకుండా పెడితే బండిలో ఇంకో రిలే పెరుగుతుంది, జబ్బు అలాగే ఉంటుంది.

సెకండ్‌హ్యాండ్_సారథి
కొలిచాను. టక్ అని ఆగినప్పుడు 30 నుంచి ఎంకి 11.6. అదృష్టం బాగుండి తిరిగినప్పుడు కూడా 1.4 ఉంది. 50 దగ్గర టక్ అన్నప్పుడు 10.9. ప్లస్ కేబుల్ మీద 0.2. ఎర్త్ వైపు మాత్రం తిరుగుతున్నప్పుడు 0.7 వచ్చింది. గేర్‌బాక్స్ మీద ఎర్త్ కేబుల్ బోల్టు విప్పితే కింద పచ్చగా చిలుము పట్టి ఉంది. ఎమ్రీ పేపర్‌తో గీకి బిగించాక 0.2కి దిగింది. టక్ జబ్బు మాత్రం అలాగే ఉంది.

మల్టీమీటర్_మామ
తిరిగినప్పుడు 1.4 అనేదే మీ జవాబు. బాగున్న పాయింట్ల మీద అది 0.2 లోపు ఉంటుంది. 100 ఆంపియర్లే అనుకున్నా 1.4 వోల్టులంటే 140 వాట్ల వేడి, అదంతా ఆ చిన్న రాగి ముక్కల మధ్యే. 50 దగ్గర దాదాపు 11 వస్తోంది కాబట్టి నట్టుబోల్టు గారి రిలే అక్కర్లేదు. ఇప్పుడు విప్పండి.

నిదానమే_ప్రధానం
బ్యాటరీ మైనస్ ముందు తీయండి, ఆఖర్న తగిలించండి. ఉంగరాలు, వాచీ తీసి పక్కన పెట్టండి. బండి కింద దూరాల్సి వస్తే జాకీని నమ్ముకుని దూరొద్దు, స్టాండ్లు పెట్టండి, చక్రాలకు అడ్డం వేయండి. ఇంజిన్ చల్లారనివ్వండి. వైర్లు విప్పే ముందు ఫోన్‌తో ఫోటో తీసుకోండి.

గేర్_గోవిందం
ఇంకో చిట్కా. రేడియోకి కోడ్ ఉంటే అదెక్కడ రాసిపెట్టారో ముందే వెతుక్కోండి. బ్యాటరీ పీకాక పాటల్లేక ఏడ్చినవాడిగా చెప్తున్నా.

వైండింగ్_వనజ
సాలినాయిడ్ మూతలు రెండు రకాలు. మీది ఏదో చూసుకుని దిగండి.

ఒకటి, వెనక మూడు చిన్న బోల్టులతో రేకు మూత. డెన్సో కంపెనీ గేర్ రిడక్షన్ (లోపల వేగం తగ్గించే పళ్ల చక్రాలుండే) సెల్ఫ్‌లలో ఇలా ఉంటుంది. బోల్టులు తీస్తే ప్లంజర్, దాని చివర రాగి బిళ్ల చేతికొచ్చేస్తాయి, రెండు పాయింట్లు లోపల కనిపిస్తాయి. విడి పాయింట్లు దొరుకుతాయి. ఇది ఎవరైనా చేసుకోవచ్చు. మూత తీయడం వరకే అయితే గొడవ లేదు. సాలినాయిడ్ భాగాన్ని ముందున్న హౌసింగ్ నుంచి విడదీస్తే మాత్రం లోపల ఒక స్టీలు గోళీ, స్ప్రింగు ఉంటాయి. గోళీ జారి దొర్లిపోతుంది, చూసుకోండి.

రెండోది, నల్ల బేకలైట్ (గట్టి ప్లాస్టిక్ లాంటిది) మూత. చుట్టల కొసలు మూతలోంచి బయటికొచ్చి 50 పిన్నుకి, ఎం బోల్టు పక్కన రేకుకి టంకం వేసి ఉంటాయి. రెండు స్క్రూలు తీసినా మూత రాదు, టంకం కరిగించాలి. చిన్న ఐరన్ చాలదు, 60 వాట్లకు తగ్గితే ఆ రాగి వేడంతా మింగేస్తుంది. టంకం పూర్తిగా పీల్చాక మూత మెల్లగా పైకి తీయండి. స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తితే పగులుతుంది, చుట్ట కొస తెగుతుంది. కొస మొదట్లో తెగితే ఆ సాలినాయిడ్‌కి దండం పెట్టేయడమే.

మూత అంచు ఒంటి మీదకి మడిచి నొక్కేసినవి కూడా ఉంటాయి. వాటి జోలికి పోవద్దు.

సెకండ్‌హ్యాండ్_సారథి
నాది రెండో రకం. ఐరన్ 80 వాట్లది. సెల్ఫ్ కిందికి దించడానికే చాలా సేపు పట్టింది, పై బోల్టు చేతికి అందదు, కంటికి కనపడదు.

పాతఇంజిన్
ఆ పై బోల్టు డిజైన్ చేసినవాణ్ణి ఎవరూ ఎప్పుడూ విప్పమని అడిగి ఉండరు.

గేర్_గోవిందం
1912 మోడల్ క్యాడిలాక్ కారుకి చార్లెస్ కెటరింగ్ ఎలక్ట్రిక్ సెల్ఫ్ తయారుచేశాడు, హ్యాండిల్ తిప్పే బాధ తప్పించాడు. బోల్టు విప్పే బాధ ఎవరూ తప్పించలేదు.

నట్టుబోల్టు
హ్యాండిల్ తిప్పేటప్పుడు ఇంజిన్ వెనక్కి తన్ని చేతులు విరిగేవి. ఇప్పుడు వేళ్ల చర్మం లేస్తోంది. అభివృద్ధే.

సెకండ్‌హ్యాండ్_సారథి
మూత వచ్చింది! లోపల చూశాక ఎలక్ట్రీషియన్ మీద కోపం రెట్టింపైంది. 30 బోల్టు తల ఒక పక్క చంద్రవంకలా కొరుక్కుపోయింది. అంచు దగ్గర రాగి కరిగి చిన్న బొట్లుగా గట్టిపడింది. ఎం బోల్టు తల అంత కాలేదు కానీ నల్లగా ఉంది. బిళ్ల మీద రెండు చోట్ల గుంటలు, వేలు పెడితే గరుకుగా తగులుతున్నాయి. మూత లోపలంతా నల్ల పొడి. బిళ్ల రెండోవైపు మాత్రం కొత్త రాగిలా మెరుస్తోంది.

చుట్టలు కొలిచాను. మీటర్ వైర్లు ఒకదానికొకటి తగిలిస్తే 0.2 చూపిస్తోంది, అది తీసేసి చెప్తున్నా. లాగే చుట్ట 0.4, పట్టి ఉంచేది 1.1. 

ఇప్పుడు గీకాలా, తిప్పాలా, మార్చాలా?

స్పానర్12
ఆకురాయి పెట్టి సాపు చేసేయండి. మెరిసేదాకా.

వైండింగ్_వనజ
వద్దు. రాగి తగ్గేకొద్దీ బిళ్ల ఇంకా లోపలికి ప్రయాణించాలి. ప్లంజర్ ఒకచోట ఆగిపోతుంది, దాని వెనక బిళ్లను నొక్కే స్ప్రింగు ఆటే చాలా తక్కువ. ఎక్కువ గీకితే బిళ్ల బోల్టును తాకీ తాకనట్టు ఉంటుంది. కొన్నాళ్లు బాగా తిరిగి, ఇంతకుముందుకన్నా తొందరగా కాలిపోతుంది. రెండు బోల్టుల తలలు ఎత్తులో తేడా వస్తే ఇంకా ఘోరం, బిళ్ల ఒకవైపే ఆనుతుంది.

మీ చుట్టలు రెండూ దిట్టంగా ఉన్నాయి. కాబట్టి నేనైతే బిళ్లను తిరగేస్తాను, మెరిసే వైపు వాడుకలోకి వస్తుంది. కాలింది తలకి ఒక పక్కే కాబట్టి బోల్టును సగం చుట్టు తిప్పి పెడితే కాలని వైపు బిళ్ల కిందకి వస్తుంది. గట్టిపడ్డ బొట్లు మాత్రం సన్న ఆకురాయితో తీసేయండి. సరిపోయే కొత్త బోల్టులు దొరికితే రెండూ కలిపి మార్చండి, ఒకటి కొత్తది ఒకటి పాతది పెట్టొద్దు.

స్పానర్12
నేను గీకినవి ఇప్పటికీ తిరుగుతున్నాయి.

వైండింగ్_వనజ
తిరుగుతాయి. కొంచెం గీకడం వేరు, మెరిసేదాకా గీకడం వేరు.

కార్బన్‌బ్రష్
విప్పారు కాబట్టి ప్లంజర్‌కి కాస్త గ్రీజు రాసేయండి, సాఫీగా జారుతుంది.

పాతఇంజిన్
ప్లంజర్‌కి గ్రీజు రాయొద్దు బాబూ. క్లచ్ పొడి, బ్రష్‌ల పొడి దానికి అంటుకుని ముద్దవుతుంది, చలికి గట్టిపడి ప్లంజర్ అక్కడే పట్టేస్తుంది. పొడి గుడ్డతో తుడిస్తే చాలు. ఫోర్కు పట్టుకునే కొక్కెం దగ్గర మాత్రం చిటికెడు రాయొచ్చు.

నిదానమే_ప్రధానం
బోల్టుల చుట్టూ ఉండే ఫైబర్ వాషర్లు, చిన్న గొట్టాలు ఏవైనా వచ్చి ఉంటే అదే వరసలో తిరిగి పెట్టండి. రేకు మూత ఉన్న రకంలో అవే 30 బోల్టును ఒంటికి తగలకుండా కాపాడేవి. ఒకటి మర్చిపోయి బ్యాటరీ తగిలిస్తే ఫ్యూజ్ లేని షార్ట్.

వైండింగ్_వనజ
ఇంకో మాట, ఇక్కడే చాలామంది సాలినాయిడ్‌ను పాడుచేస్తారు. వెనక బోల్టులకు నట్లు రెండేసి ఉంటే, లోపలి నట్టును ఒక పానాతో కదలకుండా పట్టుకుని బయటి నట్టు బిగించండి. పట్టుకోకుండా బిగిస్తే బోల్టు మొత్తం తిరుగుతుంది, బేకలైట్ పగులుతుంది, ఎంకి టంకం వేసిన కొస తెగుతుంది.

బండికి ఎక్కించే ముందు మీటర్‌తో చూడండి. 30కి, ఒంటికి మధ్య ఏమీ చూపించకూడదు. 30కి, ఎంకి మధ్యా చూపించకూడదు. 50 నుంచి ఒంటికి మీరు ముందు కొలిచిన 1.1 దగ్గరే రావాలి. మోటార్ వైరు ఎం బోల్టుకి తగిలించకముందే చూడండి, తగిలించాక మోటార్ గుండా దారి కలిసి కొలత మారిపోతుంది.

తర్వాత బెంచ్ మీద, మోటార్ వైరు ఎం నుంచి విడిగానే ఉంచి, సెల్ఫ్‌ను వైస్‌లో బిగించి, బ్యాటరీ మైనస్ ఒంటికీ, ఎం బోల్టుకీ రెండింటికీ ఇవ్వండి. ప్లస్ 50కి తగిలించండి. పినియన్ టక్కున బయటికి రావాలి. ప్లస్ అలాగే ఉంచి ఎం దగ్గర మైనస్ మాత్రం తీసేయండి. పినియన్ అక్కడే నిలబడాలి, వెనక్కి పోతే పట్టి ఉంచే చుట్ట పోయినట్టు. ఒంటి మైనస్ కూడా తీస్తే టక్కున వెనక్కి పోవాలి. ఇదంతా 3 నుంచి 5 సెకన్లలో అయిపోవాలి, లేకపోతే లాగే చుట్ట మాడుతుంది. వేలు పినియన్ దగ్గర పెట్టొద్దు.

నట్టుబోల్టు
అందుకేనేమో టక్ అని ఆగినప్పుడు తాళం అలాగే తిప్పి పట్టుకోవద్దంటారు?

వైండింగ్_వనజ
అందుకే. పాయింట్లు కలవకపోతే లాగే చుట్టలో కరెంటు ఆగదు. సారథి గారి బండిలో 12.5 నుంచి 12.1కి పడింది ఆ కరెంటుకే. పట్టుకుని కూర్చుంటే పాయింట్ల జబ్బు కాస్తా చుట్ట జబ్బవుతుంది.

పాతఇంజిన్
దీనికి తిరగబడ్డ కథ కూడా ఉంది. బ్యాటరీ డౌన్‌గా ఉన్నప్పుడు మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొడితే పాయింట్ల మధ్య మంటలు లేచి బిళ్ల అతుక్కుపోతుంది. మా పక్కింటాయన బండికి అలాగే అయింది. తాళం తీసి జేబులో వేసుకున్నాడు, సెల్ఫ్ తిరుగుతూనే ఉంది. మైనస్ కేబుల్ పీకేసరికి పొగ. ఆయన సెల్ఫ్‌లో ఆర్మేచర్ (మోటార్‌లో తిరిగే భాగం), బెండిక్స్ క్లచ్ (పినియన్ ఉండే భాగం) రెండూ పోయాయి. అలాంటిదేమైనా జరిగితే తాళంతో కుస్తీ పట్టకుండా నేరుగా బ్యాటరీ దగ్గరికి పరుగెత్తండి. చేతికి పొడి గుడ్డ చుట్టుకుని పీకండి.

గేర్_గోవిందం
నా సుత్తి విషయం తర్వాత మాట్లాడుకుందాం అన్నారు మామగారు. ఎదురుచూస్తున్నా.

మల్టీమీటర్_మామ
దారి మధ్యలో ఆగిపోయి, దిక్కులేనప్పుడు సాలినాయిడ్ మీద చెక్క ముక్కతో తట్టడం తప్పు కాదు. అతుక్కున్న ప్లంజర్ కదులుతుంది, అరిగిన బ్రష్ కాస్త జరుగుతుంది. మోటార్ ఒంటి మీద మాత్రం కొట్టొద్దు. చాలా సెల్ఫ్‌లలో లోపల ఫీల్డ్ కాయిల్స్ (అయస్కాంతంలా పనిచేసే తీగచుట్టలు) బదులు సిరామిక్ అయస్కాంతాలు అతికించి ఉంటాయి. దెబ్బకి పగిలి ముక్క ఊడితే ఆర్మేచర్‌కి అడ్డం పడుతుంది.

సెకండ్‌హ్యాండ్_సారథి
అయిపోయింది. బిళ్ల తిరగేశాను. సరిపోయే బోల్టులు దొరకలేదు, వనజ గారు చెప్పినట్టు ఉన్నవే సగం చుట్టు తిప్పి, బొట్లు మాత్రం గీకాను. రెండు తలల మీద స్టీల్ స్కేలు పెట్టి చూస్తే వెలుతురు దూరలేదు, ఎత్తు సమానంగానే ఉంది. టంకం వేసి, మూత అంచుకి పలచగా సీలెంట్ పూశాను. బెంచ్ పరీక్ష మూడు మెట్లూ పాసైంది.

బండిలో పెట్టాక 30 నుంచి ఎంకి, తిరుగుతున్నప్పుడు 0.1. వేడి మీద కూడా ఆపి చూశాను, మొదటి దెబ్బకే అందుకుంటోంది. తిరిగే వేగం కూడా పెరిగింది.

వైండింగ్_వనజ
1.4 వోల్టులు మోటార్‌కి తిరిగి దక్కాయి, పెరగదా మరి. బ్రష్‌లు చూశారా?

సెకండ్‌హ్యాండ్_సారథి
చూశాను. సగానికి పైగానే మిగిలి ఉన్నాయి. కమ్యుటేటర్ (బ్రష్‌లు ఆనే రాగి భాగం) తుడిచి మూసేశాను.

వైండింగ్_వనజ
సరిపోతుంది. తిరగేసిన పాయింట్లు ఎప్పటికీ కొత్తవి కావు, అప్పుడప్పుడు అదే కొలత పెట్టి చూస్తుండండి. అర వోల్టు దాటితే బోల్టుల వేట మొదలుపెట్టండి, లేదా సాలినాయిడ్ ఒక్కటి కొత్తది వేయండి. స్టార్ట్ కాకపోతే ఒక్క బిగిన 10 సెకన్లకు మించి కొట్టకండి, కనీసం అర నిమిషం ఆపి మళ్లీ కొట్టండి.

స్పానర్12
ఏదేమైనా బొట్లు గీకారు. అంటే ఆకురాయి వాడారు.

గేర్_గోవిందం
స్పానర్12 గెలిచాడు. చప్పట్లు.

డీజిల్_దాసు
ఇదంతా చదివాను, నాదీ ఇదే సమస్య అనుకుంటా. డీజిల్ బండి, తాళం తిప్పితే డాష్‌బోర్డు లైట్లన్నీ వెలుగుతాయి కానీ అసలు ఏ శబ్దమూ రాదు. సాలినాయిడ్ విప్పేయమంటారా?

మల్టీమీటర్_మామ
శబ్దమే రాకపోతే ఇదే సమస్య ఎలా అవుతుంది దాసు గారూ? పైన మూడు రకాలు రాశాను, మీది మొదటిది. ఏదీ విప్పొద్దు.

వైండింగ్_వనజ
వేరే థ్రెడ్ తెరవండి, ఇక్కడ కలిపేస్తే ఎవరికీ అర్థం కాదు. తెరిచే ముందు క్లచ్ పూర్తిగా తొక్కి తాళం తిప్పి చూడండి, ఆటోమేటిక్ అయితే న్యూట్రల్‌లో పెట్టి తిప్పండి. అప్పటికీ శబ్దం రాకపోతే స్టార్టర్ రిలే, ఫ్యూజ్ చూసి, 50 దగ్గర ఎన్ని వోల్టులొస్తున్నాయో కొలిచి ఆ అంకె కూడా రాయండి.